దేముడి తరుగు

అచ్చులోంచి తీసినప్పుడు బెల్లం దిమ్మకి ఉన్న బరువు మార్కెట్ యార్డుకు వచ్చేసరికి ఉండదు. దారిలో నీరు కారుతుంది, ఎండకి ఆరుతుంది, మూల విరుగుతుంది, చీమ తింటుంది. అలా పోయినదాన్ని మేం తరుగు అంటాం. తూకానికి ముందే రైతు లెక్కలోంచి ఇంత అని కోసేస్తాం. మా అనకాపల్లి యార్డులో వేలం పాట తెరల మీదికి ఎక్కింది, తూకాన్ని తామే పలికే కాటాలు వచ్చాయి. తరుగు మాత్రం మా తాత కాలంలో ఎలా ఉందో అలాగే ఉంది. తరుగు లేని సరుకు ఉందని ఎవరైనా అంటే, ఆ మనిషి దాన్ని అమ్మజూస్తున్నాడనో, అసలు వ్యాపారమే ఎరగడనో అనుకుంటాను.

ఆ మాట నాతో అన్నది నా కూతురు.

రోహిణి విశాఖలో వ్యాయామ విజ్ఞానంలో పరిశోధన చేస్తోంది. ఆ చదువులో చేరినప్పుడు యార్డులో అందరూ నవ్వారు. "భూషణం కూతురు కసరత్తులో డాక్టరవుతుందట, ఇక మన సంగిడి రాళ్ళెత్తేవాళ్ళకి సర్టిఫికెట్లు ఇస్తుంది" అన్నారు. నేను పట్టించుకోలేదు. అందరూ పెట్టే చోట పెట్టుబడి పెడితే అందరికీ వచ్చేదే వస్తుంది.

నాకు చక్కెర జబ్బు పాతదే. బెల్లం షావుకారుకి చక్కెర జబ్బేమిటన్న హాస్యం కూడా పాతదే. కుడి పాదంలో బొటనవేలి కింద ఒక పుండు లేచి మానడం మానేశాక మాత్రం ఎవరూ హాస్యమాడలేదు. డాక్టరు కట్టు విప్పి చూసి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"రోజూ నడవండి భూషణంగారూ అని ఎన్నేళ్ళుగా చెబుతున్నాను? మీరు నడవలేదు. ఇప్పుడు నడవమని చెప్పడానికి నాకు వీల్లేదు. నడిస్తే పుండు పెరుగుతుంది, నడవకపోతే చక్కెర దిగదు. పండగ వెళ్ళాక పాదం తీసేద్దాం."

పాదం తీసేద్దాం అన్న మాట ఆయన నోట కొట్లో సంచి జరుపుదాం అన్నంత తేలిగ్గా వచ్చింది. నా భార్య వరలక్ష్మి దారంతా ఆటోలో ఏడుస్తూనే వచ్చింది. రోహిణికి ఫోన్‌లో చెబితే పుండు ఫొటో తీసి పంపమంది. తర్వాత, "ఆదివారం ఒకసారి మా లాబ్‌కి రా నాన్నా" అంది.

లాబ్ అంటే సీసాలూ గొట్టాలూ ఉంటాయనుకున్నాను. పరిగెత్తే యంత్రాలున్నాయి, మంచాలున్నాయి. ఒక యంత్రం మీద ఒక కుర్రాడు చెమటలు కక్కుతూ పరిగెడుతున్నాడు. వాడి జబ్బకి నల్లటి పట్టీ. పక్క మంచం మీద ఇంకో కుర్రాడు, కాస్త ఒళ్ళున్నవాడు, ఫోన్ చూసుకుంటూ వెల్లకిలా పడుకున్నాడు. వాడి జబ్బకీ అలాంటి పట్టీయే. పరిగెత్తేవాడు దిగగానే రోహిణి వాడి పట్టీలోంచి గోరంత మెత్తని బిళ్ళ తీసి, పడుకున్నవాడి పట్టీలో పెట్టింది. గోడ మీది తెర చూడమంది. పడుకున్నవాడి రక్తంలో చక్కెర గీత మెల్లగా కిందికి దిగుతోంది.

"పరిగెత్తిందేమో వాడు, దిగిందేమో వీడికా?" అన్నాను.

"కండ పనిచేసి ఊరుకోదు నాన్నా. రక్తంలోకి ఒక కబురు వదులుతుంది. ఇక్కడ పని జరిగింది, చక్కెర పంపండి, ఎముక గట్టిచెయ్యండి, తెగినచోట అతకండి అని. ఒంటికి మేలు చేసేది చెమట కాదు, ఆ కబురు. మా పట్టీ చర్మంలోంచి దాన్ని పట్టుకుంటుంది. అదే వేరేవాళ్ళ ఒంటికి అందిస్తే, పని తానే చేశాననుకుంటుంది ఆ ఒళ్ళు."

"మరి తరుగెంత?"

"ఏంటి?"

"వాడి దగ్గర తీశావు, వీడికి పెట్టావు. వాడికెంత తగ్గింది?"

రోహిణి నవ్వింది. "ఇది బెల్లం కాదు నాన్నా, కబురు. కబురు ఎంతమందికి చెప్పినా చెప్పినవాడి దగ్గర తగ్గదుగా. ఈ కుర్రాళ్ళని ఏడాదిగా పరీక్షిస్తున్నాం. ఒక్కడికీ ఏమీ తగ్గలేదు."

నేను మళ్ళీ అడగలేదు. పాదం ఉండాలా పోవాలా అన్న ఆలోచనలో ఉన్న మనిషి బేరం ఎక్కువసేపు చెయ్యడు.

చిక్కు ఇంకోచోట ఉంది. గంటసేపు పరుగులో పోగయ్యే కబురు పుండు మానడానికి చాలదట. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒళ్ళు వంచే మనిషి కావాలట. విశ్వవిద్యాలయం కమిటీ అనుమతి ఇచ్చింది విద్యార్థుల మీద, అదీ లాబ్ గదిలో చెయ్యడానికే. బయట చేసినట్టు తెలిస్తే పట్టా మాట మరిచిపోవాలి. ఇదంతా రోహిణి నా కట్టుకేసి చూస్తూ చెప్పింది. చెప్పడం అయ్యాక రెండు పట్టీలు సంచిలో వేసుకుని నాతో రైలెక్కింది.

మనిషిని వెతకాల్సిన పని నాకు లేకపోయింది.

దేముడు మా కొట్టు ముందు జట్టులో కలాసీ. మూడు దిమ్మలు ఒకదాని మీద ఒకటి నెత్తిన పెట్టుకుని, కింద పడ్డ బీడీ కాలి వేళ్ళతో తీసి పక్కవాడికి అందించగలడు. అలా చేసి అందరూ చూశారో లేదో అని చుట్టూ చూస్తాడు కూడా. రోహిణి పట్టీ తీయగానే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఏటి బాబూ, నాకు గాజులు తొడిగేత్తన్నారేటి? నా పెల్లాం నూకాలు సూత్తే ఇంట్లోకి రానీదు."

రోహిణి ఓపిగ్గా మొత్తం చెప్పింది. కబురు అంటే ఏమిటో, బిళ్ళ ఏమిటో, కమిటీ సంగతేమిటో ఏదీ దాచలేదు. దేముడు తలగుడ్డ విప్పి మెడ తుడుచుకుంటూ విన్నాడు.

"అంటే నాను మోత్తే ఈయన ఒల్లు గట్టిపడతాది."

"అవును."

"ఇన్నేల్లూ నాను మోత్తంటే ఈయన పొట్ట పెరిగింది. ఇప్పుడు నాను మోత్తే పొట్ట తగ్గుతాదన్నమాట. ఏటమ్మా మీ సదువు, మొత్తం తిరగేసేసినావు." జట్టంతా నవ్వింది. వాడు చెయ్యి చాపాడు. "కట్టమ్మా. నొప్పెట్టదు గదా?"

నొప్పెట్టదంది రోహిణి. నేను కూలీ మీద కూలీ ఒప్పుకున్నాను. వాడి మోతను నేను ఎప్పట్నుంచో కొంటున్నాను. మోసినందుకు వాడి ఒంట్లో మిగిలేది ఒకటుందనీ, దానికీ ఒక ధర కట్టొచ్చనీ ఆ రోజే తెలిసింది. చవకగానే వచ్చింది.

దేముడి పట్టీలో రోజంతా నిండిన బిళ్ళ మర్నాడు నా పట్టీలోకి మారేది. పట్టీ పని చేసింది. ఎలా చేసిందో చెప్పడం కష్టం. మధ్యాహ్నం కుర్చీలో కూర్చుని వేలం ధరలు చూస్తూంటే, కొండెక్కి దిగినట్టు పిక్కల్లో ఒక వెచ్చదనం పాకేది. అన్నం రుచి తెలిసింది. పొలంలో దుక్కి దున్ని వచ్చినవాడికి పట్టే నిద్ర నాకు పట్టింది. చొక్కాలు వదులయ్యాయి. పుండు అంచులు గులాబీ రంగులోకి తిరిగాయి. డాక్టరు కట్టు విప్పి, కళ్ళద్దాలు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఏం చేస్తున్నారు?"

"నడుస్తున్నానండీ" అన్నాను. వరలక్ష్మి తల వంచుకుని నవ్వాపుకుంది.

రోహిణి వారం వారం వచ్చేది. నా రక్తం తీసేది, దేముడి నాడి చూసేది. దేముడు బాగానే ఉన్నాను అనేవాడు. వాడి మాట ఒక్కటే నమ్మకూడదు కాబట్టి జట్టు మేస్త్రి గౌరునాయుడిని అడిగేది.

"గౌరునాయుడుగారూ, దేముడు ఈ వారం మోత ఏమైనా తగ్గించాడా?"

"నేదమ్మా. అందరితో సమానంగానే మోసినాడు."

ప్రతి వారం అదే ప్రశ్న, అదే జవాబు. ఇచ్చేవాడి శక్తి తగ్గలేదని రోహిణి నిశ్చింతగా ఉండేది. యార్డు సంగతి సిద్ధాంత గ్రంథంలో రాయదు గాని, రాసినదాని మీద నమ్మకం అక్కడే గట్టిపడింది. గ్రంథం అప్పగించాల్సిన గడువు దగ్గర పడింది. హైదరాబాదు నుంచి ఒక కంపెనీవాళ్ళు లాబ్‌కి వచ్చి చూసి వెళ్ళారట. రోజంతా కుర్చీల్లో కూర్చునే లక్షలమందికి ఈ బిళ్ళలు అమ్మొచ్చునని వాళ్ళ ఊహ. మా ఇంట్లో నేనూ వరలక్ష్మీ రోహిణి పేరు ముందు డాక్టరని చేర్చి పిలవడం మొదలుపెట్టేశాం.

పుండు చింతగింజంత మిగిలింది.

ఒక ఉదయం, కొట్టు తీసి దీపం పెట్టేవేళ, నూకాలు వచ్చింది. మొగుడికి అన్నం తెచ్చే మనిషి ఖాళీ చేతుల్తో వచ్చి మెట్టు దిగువనే నిలబడింది.

"బాబూ, ఆ గాజు తీయించెయ్యండి."

"ఏమైంది?"

"ఏటయిందో నాకేటి తెలుస్తాది. రేత్రి నిద్దర నేదు. కూడు తింటాడు, ఒంటికి పట్టదు. నిన్న అటక మీద బియ్యం డబ్బా దింపమన్నాను. సేతులెత్తి అలాగే నిలబడిపోయినాడు. మల్లీ నానే దింపుకున్నాను. ఈపు సూసినారా బాబూ? చొక్కా యిప్పమనండి ఓపాలి."

"యార్డులో అందరితో సమానంగా మోస్తున్నాడు కదే. మేస్త్రి ప్రతి వారం చెబుతున్నాడు."

నూకాలు నాకేసి వింతగా చూసింది. "మీరు యార్డులోనే పుట్టి పెరిగినోరు. మీరే అలగంటే ఎలాగ బాబూ? మేస్త్రి మరింకేటి సెప్తాడు?"

ఆమె వెళ్ళిపోయింది. అగ్గిపుల్ల నా వేళ్ళదాకా కాలింది.

మా యార్డులో జట్టు కూలీ జట్టుకే వస్తుంది. సాయంత్రం సమానంగా పంచుకుంటారు. ఒకడికి జ్వరం వస్తే వాడి దిమ్మ పక్కవాడి నెత్తికి మారుతుంది. ఒకడికి నడుం పట్టేస్తే వాడిని కాటా దగ్గర నిలబెట్టి మిగతావాళ్ళు అటూ ఇటూ తిరుగుతారు. ఎవడు ఎంత మోశాడని వాళ్ళలో వాళ్ళు అనుకోరు, షావుకారుకి అసలే చెప్పరు. జట్టు మోసింది అంటారు, అంతే. అలా అడక్కపోవడం మా వైపు మర్యాద, చెప్పకపోవడం వాళ్ళ వైపు మర్యాద. మంచంలో పడేదాకా ప్రతి కలాసీ తన మేస్త్రి మాటలో అందరితో సమానంగానే మోస్తాడు. రోహిణి విశాఖ హాస్టళ్ళలో చదువుకున్న పిల్ల. ఆ జవాబుని జవాబే అనుకుంది.

కూర్చుని లెక్క వేసుకున్నాను. ఒక పక్క చింతగింజంత పుండు. ఇంకో రెండు వారాలు చాలు, మానిపోతుంది. గ్రంథం గడువు కూడా అప్పటికి గడిచిపోతుంది. ఇంకో పక్క దేముడి వీపు. అది ఇంకో రెండు వారాలు ఆగితే ఏమవుతుందో నాకు తెలియదు. తెలియనిదానికి ధర కట్టడం నాకు అలవాటే. వచ్చే పంటకి ఇప్పుడే బేరమాడే మనిషిని. కానీ ఆ రోజు ఎంతసేపు కూర్చున్నా ఆ రెండో పక్క అంకె పడలేదు.

వేలం పాట ముగిసి బళ్ళు వెళ్ళిపోయాక దేముడిని పిలిచాను. జట్టు కూడా వాడి వెనకే వచ్చింది.

"ఆ మూడు దిమ్మలూ ఎత్తుకోరా."

ఇద్దరు ముందుకొచ్చి చెరో పక్క చెయ్యి వెయ్యబోయారు. "ఎవరూ చెయ్యి వెయ్యొద్దు" అన్నాను.

దేముడు తలగుడ్డ చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకున్నాడు. మొదటి దిమ్మ ఎత్తాడు, ఎత్తేటప్పుడు ఏదో హాస్యం చెప్పబోయి మానేశాడు. రెండోదాన్ని మోకాలి దాకా తెచ్చి ఆగాడు. చొక్కా కింద వాడి భుజం ఎముకలు గంప ఊచల్లా కదలడం కనిపించింది. మోకాలు వంగిపోయింది. రెండు దిమ్మలూ నేల మీద పడి, ఒకటి రెండు చెక్కలయింది.

"తడి నేల బాబూ. కాలు జారిపోయింది" అన్నాడు.

నేల పొడిగా ఉంది.

"ఎన్నాళ్ళయిందిరా ఇలా?"

"పాపగారికి సెప్పకండి బాబూ. ఆయమ్మ సదువు పోతాదంట గదా. మీ కాలు కూడా..." విరిగిన చెక్కని రెండోదానికి ఆనించి అతికించి చూస్తున్నాడు. "మోత ఎలాగూ పోయింది. ఆ గాజు డబ్బులు కూడా పోతే ఏటి తింటాం?"

"మోత పోతే బిళ్ళలో ఏముంటుందిరా? నిన్నటి బిళ్ళ కూడా నిండుగానే వచ్చిందే. నాకు తెలిసింది కదా ఒంట్లో."

దేముడు గౌరునాయుడి వైపు చూశాడు. గౌరునాయుడు తువ్వాలు భుజం మార్చుకున్నాడు.

"ఆడు ఎత్తనేకపోతన్నాడని మేమే వంతులేసుకుని కట్టుకుంటన్నాం బాబూ. ఓ రోజు నాను, ఓ రోజు ఈడు. గాజు డబ్బులు ఆడివే. మేం ముట్టుకోనేదు."

నా ముందు నిలబడ్డ భుజాలన్నీ ఒక్కొక్కటే చూశాను. నెలన్నరగా నా పిక్కల్లోకి వస్తున్న వెచ్చదనం ఎవరెవరిదో అప్పుడు తెలిసింది. జబ్బకున్న నా పట్టీ విప్పి జేబులో పెట్టుకున్నాను. అందులో ఆ పూట బిళ్ళ ఇంకా సగం ఉంది.

మర్నాడు దేముడిని తీసుకుని విశాఖ వెళ్ళాను. రోహిణి వాడి చేతిని, తొడని యంత్రంలో పెట్టి చూసింది. చాలాసేపు తెర ముందు నుంచి కదల్లేదు. దేముడు మంచం మీద కూర్చుని పరిగెత్తే కుర్రాడిని చూస్తూ, "ఈడు అంతసేపట్నుంచి పరిగెడతన్నాడు, ఎక్కడికీ ఎల్లడేటి బాబూ" అని నా చెవిలో అన్నాడు. నవ్వు రాలేదు.

వాడిని క్యాంటీనుకి పంపించి రోహిణి నాతో చెప్పింది.

"పట్టీ కబురుకి నకలు తీయడం లేదు నాన్నా. కబురునే పట్టేసుకుంటోంది. ఈ కుర్రాళ్ళు గంట పరిగెత్తి పట్టీ విప్పేస్తారు. తర్వాత మెట్లెక్కుతారు, ఆడుకుంటారు, ఆ కబుర్లన్నీ వాళ్ళ ఒంటికి అందుతాయి. అందుకే వాళ్ళలో తేడా కనబడలేదు. దేముడు మొదటి దిమ్మ నుంచి ఆఖరి దిమ్మ దాకా పట్టీతోనే ఉన్నాడు. పనికి ఒళ్ళు అరుగుతుంది, కబురు అందితే అరిగినచోట మళ్ళీ కట్టుకుంటుంది. వాడి ఒంటికి కబురే వెళ్ళలేదు. అంత మోసినా మోసినట్టు దానికి తెలియలేదు. అరుగుదల మాత్రం వాడి దగ్గరే ఉండిపోయింది."

"అయితే తరుగు ఉందన్నమాట."

"ఉన్నదంతా తరుగే నాన్నా."

జట్టువాళ్ళ సంగతి కూడా చెప్పాను. మేస్త్రి జవాబు ఏమిటో, యార్డులో ఆ మాటకి అర్థం ఏమిటో చెప్పాను. రోహిణి రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. "ప్రతి వారం అడిగాను. ప్రతి వారం నాకు నిజం చెబుతున్నారనే అనుకున్నాను" అంది. కాసేపటికి లేచి, మొహం కడుక్కుని, తన ప్రొఫెసరు గదిలోకి వెళ్ళింది. ఏ మాటతో మొదలుపెట్టి ఎంతవరకు చెప్పాలో నేను సలహా ఇవ్వబోయాను. తలుపు వేసేసుకుంది.

పరిశోధన ఆపేశారు. విచారణ అన్నారు. పట్టా వస్తుందో రాదో ఇప్పటికీ ఎవరూ చెప్పరు. కంపెనీవాళ్ళకి ఈ సంగతి తెలిస్తే పట్టీని వదిలేస్తారని రోహిణి నమ్మింది. వాళ్ళకి తనే ఫోన్ చేసి అంతా చెప్పింది. అవతలి మనిషి మర్యాదగా విని, "మంచి సంగతి చెప్పారు మేడం, ఇచ్చేవాళ్ళ ఒప్పందంలో ఒక వాక్యం కలుపుకుంటాం" అన్నాడట. ఆ మాట చెబుతున్నప్పుడు రోహిణి మొహంలో ఉన్న ఆశ్చర్యం నాకు కలగలేదు. ఆ కుర్చీలో నేనున్నా అదే వాక్యం కలిపేవాడిని.

దేముడికి పట్టీ విప్పేస్తే చాలదు. కబురు పుట్టాలంటే కండ పనిచెయ్యాలి, పని చెయ్యడానికి కండ లేదు. మందుల్లేవు. దారి ఒక్కటే ఉంది, ఇంకొకరి కబురు వాడికి అందించడం. రోహిణి పొద్దున్నే సముద్రం ఒడ్డున పరిగెత్తి బిళ్ళ పంపడం మొదలుపెట్టింది. ఒక్కపూట పరుగుకి వచ్చేది ఎంత? జట్టువాళ్ళు మేం కట్టుకుంటామన్నారు. వాళ్ళది ఇప్పటికే చాలా పోయింది.

"నేను కట్టుకుంటాను" అన్నాను.

"పట్టీ విప్పేసినా, చక్కెర దిగి ఉండబట్టి నీ పుండు మొన్నటికి మూసుకుంది నాన్నా. నడిస్తే నీ కబురు నీకు రాదు. వాడికి పోతుంది. మళ్ళీ తెరుచుకుంటే ఈసారి మానడానికి నీ ఒంట్లో ఏమీ ఉండదు."

"తెలుసు."

"తెలిసి చేస్తావా?"

"వాడూ కట్టుకున్నాడు కదా."

"వాడికి తెలియదు కదా. నేను తగ్గదని చెప్పాను."

తండ్రీ కూతుళ్ళం ఆ పూటంతా బేరమాడుకున్నాం. ఆఖరికి కొన్ని షరతుల మీద ఒప్పుకుంది. మెత్తటి బూట్లు వేసుకోవాలి. యార్డు దాటి నడవకూడదు. ఒక దిమ్మ మించి ఎత్తకూడదు. పుండు చెమ్మగిల్లితే ఆ రోజుతో సరి. నా మాట నమ్మదు కాబట్టి శనివారం వచ్చి తనే కనుక్కుంటుంది.

యార్డులో ఇప్పుడు రోజూ కనబడేది ఇదీ. దేముడు నా కుర్చీలో కూర్చుంటాడు, జబ్బకి పట్టీ, చేతిలో టీ గ్లాసు. నేను నెత్తిన గుడ్డ చుట్ట పెట్టుకుని, ఒక దిమ్మ మోసుకుంటూ, జట్టు వెనకాల కాటా నుంచి లారీకీ లారీ నుంచి కాటాకీ తిరుగుతాను.

"మెడ తిప్పకండి బాబూ, దిమ్మ జారిపోతాది. మడం ముందు ఆనించండి. అబ్బే, అలగ కాదు, పెల్లికూతురు నడిసినట్టు నడిత్తే సాయంత్రానికి కూడా లారీ నిండదు."

"నోరు మూసుకుని టీ తాగరా."

"నోరు మూసుకుంటే టీ ఎలగ తాగుతాను బాబూ?"

పక్క కొట్ల షావుకార్లు మొదట్లో పని మానుకుని చూసేవాళ్ళు. అందులో ఒకడు నన్ను పక్కకి పిలిచి, ఆ కంపెనీ బిళ్ళలు అనకాపల్లికి ఎప్పుడొస్తాయని గొంతు తగ్గించి అడిగాడు. తన జట్టులో మంచి ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్ళు ఉన్నారన్నాడు. ఏం జరిగిందో మొత్తం చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "అంటే రోజూ కాకుండా రోజు మార్చి రోజు కట్టిస్తే సరిపోతుందంటావా?" అన్నాడు.

నూకాలు మొన్న వచ్చి, దేముడు అటక మీది డబ్బా సగం దాకా దింపాడని చెప్పింది. మిగతా సగం తను పట్టుకుందట. ఆ సగానికి నేను ఎన్ని నెలలు తిరిగానో ఆమెకి చెప్పలేదు. ముసలి కండ పంపే కబురు పలచన. నా నెలంతా కలిపితే పాత దేముడి ఒక్క రోజు కాదని రోహిణి తేల్చింది. ఈ లెక్క నా ఆయుష్షులో తేలదు. యార్డులో ఇన్నేళ్ళూ తరుగు అమ్మేవాడి లెక్కలోనే కోశాం. కొన్నవాడి లెక్కలో కోయడం ఎలాగో మాకెవరికీ తెలియదు. ఒంటితో నేర్చుకుంటున్నాను.

ఈ మంగళవారం నుంచి కుడి బూటులో ఏదో తడిగా తగులుతోంది. నొప్పి లేదు. ఆ పాదానికి నొప్పి తెలియడం ఎప్పుడో మానేసింది. వరలక్ష్మి చూడకుండా నేనే కట్టు కట్టుకుంటున్నాను. నడక మందగించింది కాబోలు, ఎవరూ ఏమీ అనలేదు. లారీ చాటుకి వెళ్ళగానే ఎవరిదో ఒక చెయ్యి నా నెత్తి మీది దిమ్మని తీసుకుంటుంది. కాటా దగ్గరికి రాబోయే ముందు మళ్ళీ పెడుతుంది.

నిన్న శనివారం. రోహిణి రైలు దిగి నేరుగా యార్డుకే వచ్చింది. దేముడి నాడి చూసింది, పిడికిలి బిగించమంది. వాడు బిగించి చూపించి, "ఓపాలి ముక్కు మీద గుద్దమంటావేటమ్మా" అన్నాడు. తర్వాత మేస్త్రి దగ్గరికి నడిచింది. నేను కాటా పక్కన దిమ్మ దించి నిలబడ్డాను.

"గౌరునాయుడుగారూ, నాన్న ఈ వారం ఎలా నడిచారు?"

గౌరునాయుడు నాకేసి చూడలేదు. తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు.

"అందరితో సమానంగానే అమ్మా."

ఆ మాటకి అర్థం ఇప్పుడు రోహిణికి తెలుసు. నా దగ్గరికి వచ్చి, బెల్లం జిగురు పట్టిన నేల మీద కూలబడింది.

"బూటు విప్పు నాన్నా."

నేను దేముడి వైపు చూశాను. వాడు టీ గ్లాసు కింద పెట్టి, తన జబ్బకున్న పట్టీ విప్పుకుంటున్నాడు.